ఆఫీసు ఇంగ్లీషులో నీతి, నిజాయితీ నుడికారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇంగ్లీషు నేర్పడం నా పని. వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి వ్యాకరణం ప్రశ్నలు కావు. "మీటింగ్‌లో మా మేనేజర్ ఈ మాట అన్నాడు, తిట్టినట్టా, ఊరికే అన్నట్టా?" అని అడుగుతారు. లెక్కలు, లంచాలు, తప్పు ఎవరిది అన్న విషయాలు వచ్చేసరికి ఇంగ్లీషువాళ్లు నేరుగా మాట్లాడడం తక్కువ, నుడికారం చాటున మాట్లాడడం ఎక్కువ. వాటి అర్థం ఏ నిఘంటువులోనైనా దొరుకుతుంది. ఏ మాట ఎంత బరువైందో మాత్రం అక్కడ దొరకదు. అందుకే కింది జవాబుల్లో బరువు గురించే ఎక్కువ రాశాను.

'కట్ కార్నర్స్' అంటే దగ్గరిదారిన వెళ్లడమే కదా, అందులో తప్పేముంది?

నేనూ ఒకప్పుడు అలాగే అనుకుని ఇరుక్కున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పని గడువులోపే పూర్తయింది. చకచకా చేసేశామని చెప్పుకోవాలన్న హుషారులో క్లయింటుకు 'వుయ్ కట్ ఎ ఫ్యూ కార్నర్స్ టు ఫినిష్ ఆన్ టైమ్' అని మెయిల్ పంపాను. పది నిమిషాల్లో మా మేనేజర్ నా సీటు దగ్గరికి వచ్చారు. "ఏయే టెస్టులు ఎగ్గొట్టామో లిస్టు ఇమ్మంటున్నారు. ఏం ఎగ్గొట్టావు?" అన్నారు. నేను ఒక్కటీ ఎగ్గొట్టలేదు. ఆ సంగతి నమ్మించడానికి రెండు రోజులు పట్టింది. చేసిన ప్రతి టెస్టుకూ స్క్రీన్‌షాట్ తీసి, తేదీ వేసి పంపాల్సి వచ్చింది.

బండి మలుపు తిరిగేటప్పుడు రోడ్డు వెంట పూర్తిగా తిరగకుండా మూల మీదుగా కోసుకుపోవడం ఈ మాటకు మూలం. పని గురించి అంటే, డబ్బో సమయమో మిగుల్చుకోవడానికి చేయాల్సింది చేయకుండా వదిలేశారని అర్థం. మన 'తూతూమంత్రంగా కానిచ్చేశారు' దీనికి దగ్గరగా ఉంటుంది. కాకపోతే తూతూమంత్రంలో బద్ధకం పాలు ఎక్కువ, 'కట్ కార్నర్స్'లో కక్కుర్తి పాలు ఎక్కువ. నిజంగానే తేలికైన పద్ధతి కనిపెట్టి ఉంటే 'వుయ్ ఫౌండ్ ఎ క్విక్కర్ వే' అనండి, ఎవరూ ఉలిక్కిపడరు.

'కుక్ ద బుక్స్', 'మసాజ్ ద ఫిగర్స్', 'క్రియేటివ్ అకౌంటింగ్' మూడూ ఒకటేనా?

కాదు. మూడింట్లోనూ లెక్కల్లో మాయ ఉంది గానీ శిక్ష ఒకటి కాదు.

'మసాజ్ ద ఫిగర్స్' అన్నిటికంటే తేలిక. అంకెలు నిజమైనవే, అందంగా కనిపించేవి ముందుకు తెచ్చి మిగతావి వెనక్కి నెట్టారు. మూడు నెలలు అమ్మకాలు పడిపోయి నాలుగో నెల కాస్త లేస్తే, ఆ నాలుగో నెల గ్రాఫే పెద్దగా వేసి చూపించడం లాంటిది. 'క్రియేటివ్ అకౌంటింగ్' ఇంకొంచెం ముదురు. నిబంధనను దాటరు, దాని అంచున నడుస్తారు. ఎవరినైనా 'యువర్ అకౌంటింగ్ ఈజ్ వెరీ క్రియేటివ్' అంటే అది మెచ్చుకోలు కాదని గుర్తుంచుకోండి.

'కుక్ ద బుక్స్' మాత్రం నేరం. ఇక్కడ 'బుక్స్' అంటే ఖాతా పుస్తకాలు. 'కుక్' అనే మాటకు లెక్కలు తారుమారు చేయడమన్న అర్థం 17వ శతాబ్దం నాటికే ఉంది. మనవాళ్లు మసిపూసి మారేడుకాయ చేస్తే, వాళ్లు వండి వడ్డిస్తారన్నమాట.

దీనికి నేను క్లాసులో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అమెరికా టెలికాం సంస్థ వరల్డ్‌కామ్. వేరే కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టే డబ్బు ఏ ఏడాదికి ఆ ఏడాది ఖర్చు. వాళ్లు దాన్ని ఖర్చుగా రాయకుండా ఏదో ఆస్తి కొన్నట్టు రాశారు. ఆస్తి అని రాస్తే ఆ మొత్తం చాలా ఏళ్ల మీద సర్దుకుంటుంది కాబట్టి, ఈ ఏడాది లాభాలు వచ్చినట్టే కనిపిస్తుంది. సొంత ఆడిట్ విభాగంలోని సింథియా కూపర్ బృందం దీన్ని పట్టుకుంది. 2002 జూన్‌లో బయటపడినప్పుడు ఆ తేడా 380 కోట్ల డాలర్లు, తవ్వుతూ పోతే 1,100 కోట్ల దాకా వెళ్లింది. కంపెనీ అధిపతిగా ఉన్న బెర్నార్డ్ ఎబర్స్‌కు 2005లో 25 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఒక్క పద్దును ఈ కాలమ్‌లోంచి ఆ కాలమ్‌లోకి మార్చడం అంటే అంత.

'ఎకనామికల్ విత్ ద ట్రూత్' అంటే పొదుపుగా మాట్లాడడమా?

మాటల్లో కాదు, నిజంలో పొదుపు. అబద్ధం చెప్పరు, నిజం మొత్తం చెప్పరు. ధర్మరాజు 'అశ్వత్థామ హతః' అని గట్టిగా అని 'కుంజరః' అని గొణిగాడే, సరిగ్గా అదే.

ఈ మాట జనం నోళ్లలో పడింది 1986లో. మాజీ గూఢచారి ఒకరు రాసిన పుస్తకం రాకుండా ఆపించాలని బ్రిటన్ ప్రభుత్వం ఆస్ట్రేలియాలో కేసు వేసింది. సిడ్నీ కోర్టులో బ్రిటన్ కేబినెట్ కార్యదర్శి సర్ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ బోనెక్కారు. ఒక ఉత్తరంలో రాసింది అబద్ధమా కాదా అని అవతలి లాయరు గుచ్చి గుచ్చి అడిగితే, అబద్ధం కాదు గానీ నిజం విషయంలో కాస్త పొదుపు పాటించినట్టు అవుతుందేమో అన్నారు. ఆ పోలిక ఆయన సొంతం కూడా కాదు, 18వ శతాబ్దంలో బ్రిటన్ రాజకీయవేత్త ఎడ్మండ్ బర్క్ 'ఎకానమీ ఆఫ్ ట్రూత్' అని ముందే అన్నారు. కానీ అప్పటినుంచి ఆ మాట వెటకారానికే మిగిలిపోయింది. ఆ రోజు గుచ్చి అడిగిన లాయరు మాల్కమ్ టర్న్‌బుల్, తర్వాత 2015లో ఆస్ట్రేలియా ప్రధాని అయ్యారు.

మీ రిపోర్టు చూసి పైవాళ్లు ఈ మాట అన్నారంటే, మర్యాదగా మిమ్మల్ని అబద్ధాలకోరు అంటున్నట్టే. నవ్వుతూ అన్నారని నవ్వేయకండి.

'వైట్ లై'ని ఆఫీసులో క్షమిస్తారా?

ప్రెజెంటేషన్ బాగా చేశావని అనడం దాకా క్షమిస్తారు. ఎవరి మనసూ నొప్పించకుండా ఉండడానికి చెప్పే చిన్న అబద్ధానికే ఆ పేరు. పని పూర్తి కాకుండానే పూర్తయిందని చెప్పి దాన్ని 'వైట్ లై' అంటే కుదరదు. ఆ అబద్ధంతో లాభం మీకే వచ్చింది, ఇక అది తెలుపు కాదు.

లంచానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకు?

మనకు మాత్రం తక్కువున్నాయా! 'గ్రీజ్ సమ్‌వన్స్ పామ్' అంటే అచ్చంగా మన 'చేయి తడపడం'. వాళ్లు గ్రీజు పూస్తారు, మనం తడుపుతాం, ఫైలు కదలడం ఒకటే. 'అండర్ ద టేబుల్' మన 'బల్ల కింద' వ్యవహారమే. 'స్టికీ ఫింగర్స్' చేతివాటం.

తేడా తెలియాల్సినవి రెండున్నాయి. 'కిక్‌బ్యాక్' అంటే కాంట్రాక్టు ఇప్పించినందుకు ఆ డబ్బులోంచే వాటా వెనక్కి రావడం. 'హష్ మనీ' అంటే నోరు మూయించడానికి ఇచ్చే డబ్బు. మొదటిది పని చేసినందుకు, రెండోది మాట్లాడనందుకు. 'బ్యాక్‌హ్యాండర్' అన్న మాట బ్రిటిష్‌వాళ్ల దగ్గర లంచానికి మామూలుగా వినిపిస్తుంది, అమెరికావాళ్లకు అంత అలవాటు లేదు.

వీటన్నిటికీ ఎదురు మాట 'అబవ్ బోర్డ్'. 'బోర్డ్' అంటే పాతకాలపు ఇంగ్లీషులో బల్ల. పేకాడేవాడి చేతులు బల్ల పైనే కనిపిస్తుంటే ముక్క మార్చడం కుదరదు. 'ఎవ్రీథింగ్ ఈజ్ అబవ్ బోర్డ్' అంటే అంతా బాహాటం, దాపరికం లేదు అని. ఒక హెచ్చరిక: ఎవరూ అడగకముందే ఈ వాక్యం మెయిల్లో రాస్తే చదివేవాళ్లు బల్ల కిందకి వంగి చూస్తారు.

'విజిల్‌బ్లోయర్' అంటే గౌరవమా, చాడీకోరు అన్నట్టా?

ఇప్పుడు ఎక్కువగా గౌరవమే. మొదట్లో అంత కాదు. పోలీసో, ఆటలో రిఫరీయో తప్పు చూసి ఈల ఊదినట్టు అన్నది పోలిక. తోటివాళ్ల గుట్టు రట్టు చేసేవాళ్లకు ఇంగ్లీషులో 'స్నిచ్', 'రాట్' లాంటి నీచమైన మాటలే ఎక్కువ. 1970ల మొదట్లో అమెరికాలో వినియోగదారుల హక్కుల కోసం పోరాడిన రాల్ఫ్ నాడర్, ప్రజల మేలు కోసం నోరు విప్పే ఉద్యోగికి మంచి పేరు ఉండాలని ఈ మాటను పనిగట్టుకుని ప్రచారంలోకి తెచ్చారు. 2002 చివర్లో టైమ్ పత్రిక ఆ ఏటి వ్యక్తులుగా ముగ్గురు విజిల్‌బ్లోయర్లను ముఖచిత్రం మీద వేసింది. వరల్డ్‌కామ్ సింథియా కూపర్, లెక్కల మోసంతో కూలిన అమెరికా ఇంధన సంస్థ ఎన్రాన్‌లోని షెరన్ వాట్కిన్స్, ఎఫ్‌బీఐ కొలీన్ రౌలీ. ముగ్గురూ ఆడవాళ్లే.

వాడేటప్పుడు ఎవరి మీద అన్నదానికి 'ఆన్' రావాలి: 'షి బ్లూ ద విజిల్ ఆన్ హర్ ఓన్ కంపెనీ'. ఇంకో సంగతి. పక్కసీటు అతను రోజూ ఆలస్యంగా వస్తున్నాడని మేనేజర్‌కు చెప్పేవాణ్ణి విజిల్‌బ్లోయర్ అనరు. దానికి చాడీ అన్న మన మాటే సరిగ్గా సరిపోతుంది.

నింద పక్కవాడి మీదికి నెట్టడాన్ని ఏమంటారు?

ఈ విషయంలో ఇంగ్లీషుకు కరువు లేదు. మూడు రకాలుగా నెట్టొచ్చు.

'పాస్ ద బక్' అంటే బాధ్యతను పక్కకు జరపడం. 19వ శతాబ్దపు అమెరికాలో పోకర్ అనే పేకాట ఆడేటప్పుడు, ముక్కలు పంచే వంతు ఎవరిదో తెలియడానికి ముందు ఒక గుర్తు పెట్టేవారు. పంచడం ఇష్టం లేనివాడు దాన్ని పక్కవాడికి జరిపేవాడు. ఆ గుర్తు పేరే బక్. ఫోన్ చేస్తే "అది మా డిపార్ట్‌మెంట్ కాదండీ" అని లైను మారుస్తూ పోతారు చూడండి, అది. దీనికి జవాబుగానే అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ తన బల్ల మీద 'ద బక్ స్టాప్స్ హియర్' అన్న పలక పెట్టుకున్నారు. జరిపింది చాలు, చివరి బాధ్యత నాదే అని. 1945లో ఆయనకు అందిన ఆ పలకను తయారుచేసింది ఓక్లహోమాలోని ఒక ఫెడరల్ జైలులో. దాని వెనక వైపు 'అయామ్ ఫ్రమ్ మిజోరీ' అని ఉంటుంది. మిజోరీవాళ్లు కళ్లతో చూస్తే తప్ప నమ్మరని అమెరికాలో పేరు. ఆ వెనక వైపు కూడా నీతికి సంబంధించిందేనని నాకనిపిస్తుంది.

'స్కేప్‌గోట్'ను మనం బలిపశువు అంటాం. అర్థం సరిపోతుంది గానీ బొమ్మ తలకిందులు. 1530లో విలియం టిండేల్ బైబిల్ అనువాదంలో పుట్టించిన మాట ఇది. అక్కడ మేకలు రెండు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తల మీద అందరి పాపాలూ పెట్టి అడవిలోకి తోలేస్తారు. స్కేప్‌గోట్ అంటే ఆ తోలేసిన మేక. ఆఫీసుల్లో జరిగేదీ ఇదే అనుకుంటాను. ఎవరినీ చంపరు, తప్పులన్నీ నెత్తిన పెట్టి రాజీనామా రాయించి పంపేస్తారు. మిగిలినవాళ్లు శుభ్రంగా సోమవారం డ్యూటీకి వస్తారు.

మూడోది 'త్రో సమ్‌వన్ అండర్ ద బస్'. దీన్ని వెన్నుపోటుతో కలపకండి. వెన్నుపోటు చాటుగా పొడుస్తారు, దానికి 'స్టాబ్ ఇన్ ద బ్యాక్' ఉండనే ఉంది. బస్సు కిందికి తోయడం అందరి ముందే జరుగుతుంది. మీటింగ్‌లో పెద్దాయన "ఈ ఆలస్యం ఎందుకు?" అనగానే, నిన్న రాత్రి మీతో కూర్చుని అదే ఫైలు ఆమోదించిన మీ టీమ్ లీడ్ మీవైపు తిరిగి "అది ఈయనే చూసుకున్నారండీ" అంటాడే, అదన్నమాట. పగ ఏమీ ఉండదు, తన ఒంటిని కాపాడుకోవడమే.

'టర్న్ ఎ బ్లైండ్ ఐ'కీ 'స్వీప్ ఇట్ అండర్ ద కార్పెట్'కీ తేడా ఏమిటి?

మొదటిది చూసీ చూడనట్టు ఊరుకోవడం. రెండోది చూసి, చీపురు తీసుకుని, కప్పిపుచ్చడం. విచారణలో ఈ తేడాకు చాలా విలువ ఉంటుంది. ఒకరు మౌనంగా ఉన్నారు, మరొకరు సాక్ష్యం దాచారు. అమెరికాలో 'కార్పెట్' బదులు 'రగ్' అంటారు.

గుడ్డికన్ను మాట వెనక చెప్పే కథ బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్‌ది. 1801 కోపెన్‌హేగన్ యుద్ధంలో వెనక్కి తగ్గమని పై అధికారి జెండాలతో సంకేతం ఇస్తే, అంతకుముందే చూపు పోయిన కంటికి దుర్భిణీ పెట్టుకుని, నాకు సంకేతమేదీ కనిపించడం లేదన్నాడట. కథలో ఎంత కల్పన ఉన్నా ఒకటి గమనించండి. అతను కళ్లు మూసుకున్నది పైవాడి ఆజ్ఞకు. మన ఆఫీసుల్లో కళ్లు మూసుకునేది పైవాడి తప్పులకు.

నా ఐడియా వేరేవాళ్లు తమదిగా చెప్పుకుంటే 'స్టీల్ మై థండర్' అనొచ్చా?

పుట్టుక చూస్తే అనొచ్చు, వాడుక చూస్తే అంత సరిగ్గా అతకదు. 1709లో జాన్ డెన్నిస్ అనే నాటకకర్త లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో తన నాటకం కోసం ఉరుము చప్పుడు పుట్టించే కొత్త పద్ధతి కనిపెట్టాడు. నాటకం ఆడలేదు, తీసేశారు. కొన్నాళ్లకు అదే థియేటర్లో వేరే నాటకం చూడబోతే అతని ఉరుమే వినిపించింది. నా నాటకం వద్దన్నారు, నా ఉరుము మాత్రం దొంగిలించారా అని లేచి అరిచాడని చెబుతారు.

ఇప్పుడు మాత్రం, మీరు చెప్పబోయే కబురు ఇంకొకరు ముందే చెప్పేసి మీకు రావాల్సిన చప్పట్లు కొట్టేస్తే ఈ మాట వాడతారు. పనినే కాజేస్తే 'హి టుక్ క్రెడిట్ ఫర్ మై వర్క్' అని సూటిగా అనండి.

'కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్' మన 'కుండబద్దలు కొట్టడం' లాంటిదే కదా, వాడొచ్చా?

అర్థం అదే, కానీ నేనైతే ఆఫీసులో వాడొద్దంటాను. 'స్పేడ్' అంటే పార, కానీ మూలంలో అసలు పార లేదు. గ్రీకులో తొట్టి లాంటి పాత్రను దాని పేరుతోనే పిలవడం అని ఉంటే, 16వ శతాబ్దంలో ఇరాస్మస్ అనే డచ్ పండితుడు లాటిన్‌లోకి తెస్తూ దాన్ని పార చేశారు. 1542లో ఇంగ్లీషులోకి కూడా పారగానే వచ్చింది. అందులో చెడేమీ లేదు. అయితే 20వ శతాబ్దంలో అమెరికాలో 'స్పేడ్' నల్లజాతివాళ్లను తిట్టే మాటగా మారింది. మీ ఉద్దేశం ఏదైనా వినేవాళ్లకు అది తగలొచ్చు. 'లెట్ మి బి ఫ్రాంక్' సరిపోతుంది. ముక్కుసూటి మనిషికి 'స్ట్రెయిట్ షూటర్' అన్న మాట నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

'ఎ ఫ్యూ బ్యాడ్ యాపిల్స్' అంటే?

ఎవరో నలుగురు చెడ్డవాళ్లు, సంస్థ మాత్రం మంచిదే అని సర్దిచెప్పడానికి వాడుతున్నారు. చిత్రమేమిటంటే అసలు సామెత చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఒక్క కుళ్లిన యాపిల్ పీపాలో ఉన్నవన్నీ కుళ్లబెడుతుందన్నది అసలు మాట. సగం సామెత మింగేసి మిగతా సగాన్ని సాకుగా మార్చుకున్నారు. ఎవరైనా ఇలా అంటే మిగతా పీపా సంగతేమిటని అడగాలనిపిస్తుంది నాకు.

'ఆన్ ద అప్ అండ్ అప్'?

అమెరికావాళ్లు అంటే నిజాయితీగా ఉన్నాడని. బ్రిటిష్‌వాళ్లు అంటే రోజురోజుకీ బాగుపడుతున్నాడని. ఎవరన్నారో చూసుకుని అర్థం చేసుకోండి.

తప్పు నాదే అని ఒప్పుకోవడానికి 'కమ్ క్లీన్' వాడొచ్చా?

జాగ్రత్త. 'ఐ వాంట్ టు కమ్ క్లీన్' అంటే ఇన్నాళ్లూ దాచాను, ఇప్పుడు కక్కేస్తున్నాను అని. ఇవాళ పొద్దున జరిగిన పొరపాటు ఇవాళే చెబుతూ ఈ మాట వాడితే, లేని దాపరికాన్ని మీరే అంటించుకున్నట్టు. 'ఓన్ అప్ టు' వాడితే బాధ్యత తీసుకున్నట్టు ఉంటుంది. అన్నిటికంటే మేలు 'దట్ వజ్ మై మిస్టేక్' అని, వెంటనే ఎలా సరిచేస్తున్నారో ఒక్క వాక్యం.

'టు బి హానెస్ట్' అనకుండా నేను మాట్లాడలేకపోతున్నాను. తప్పా?

తప్పు కాదు, అలవాటు. కానీ ప్రతి మూడో వాక్యానికీ అంటే మిగతా రెండూ ఏమిటని వినేవాళ్లకు అనుమానం వస్తుంది. రివ్యూ మీటింగుల్లో మరీనూ.

హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు రాసేటప్పుడు ఈ నుడికారాలు వాడితే బలంగా ఉంటుందా?

బలహీనమవుతుంది. 'హి ఈజ్ కుకింగ్ ద బుక్స్' అని రాశారంటే మీరే తీర్పు చెప్పేశారు, ఇక రుజువు చేసే భారం మీది. 'ఎవ్రీవన్ ఈజ్ టర్నింగ్ ఎ బ్లైండ్ ఐ' అంటే చదివే హెచ్‌ఆర్ మనిషి కూడా ఆ ఎవ్రీవన్‌లోకి వస్తారు. కాఫీ దగ్గర స్నేహితుడితో ఎన్ని ఇడియంలైనా వాడుకోండి. ఫిర్యాదులో మాత్రం చూసింది చూసినట్టు రాయండి: "ఏప్రిల్ 3న వచ్చిన ఈ ఇన్వాయిస్ మార్చి 31 తేదీతో ఎంటర్ అయింది. తేదీ మార్చింది ఎవరో సిస్టమ్ లాగ్‌లో ఉంది. రెండిటి కాపీలూ జతచేశాను."